చక్రం బేరింగు నట్టు ఎంతవరకు బిగించాలి?

కారు చక్రాల బేరింగులను ఇంటి దగ్గరే మార్చుకోదలచినవారు, పానా పట్టుకునే ముందు తమ బండిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలి. ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే నేటి కార్లలో ముందువైపు సాధారణంగా సీలు చేసిన బేరింగులు ఉంటాయి. వాటి యాక్సిల్ నట్టును మాన్యువల్లో చెప్పిన టార్కుకు, అంటే తిప్పే బలానికి, బిగించడమే తప్ప సర్దుబాటు అంటూ ఏమీ ఉండదు. పాత జీపులు, వెనక చక్రాలతో నడిచే పాత కార్లు, ట్రెయిలర్లలో తరచుగా కనిపించేవి టేపర్ రోలర్ బేరింగులు. 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు పొందిన ఈ రకంలో రోలర్లు ఏటవాలుగా అమరి ఉంటాయి కాబట్టి, నట్టు తిప్పిన కొద్దీ కోను (రోలర్లు అమరిన లోపలి వలయం) కప్పులోకి (బయటి వలయం) దిగి లోపలి సందు తగ్గుతూ పోతుంది. ఇక్కడ చెప్పేదంతా వీటి గురించే.

జాకీ మీద నిలిపిన బండికి పని చేయరాదు. స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు వేయాలి. కోను మార్చినప్పుడు హబ్‌లోని (చక్రం బిగించే మధ్య భాగంలోని) కప్పును కూడా మార్చాలి. ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ కప్పును దించుతుంటే, అది అడుగున పూర్తిగా కూర్చోగానే దెబ్బ శబ్దం గట్టిగా మారుతుంది. కప్పు సగం దిగి ఆగితే, ఆ తరువాత ఎంత శ్రద్ధగా సర్దినా కొద్ది దూరం నడిచేసరికి చక్రం లూజవుతుంది. గ్రీజును రోలర్ల పైన పూయడం చాలదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, కోను వెడల్పు అంచుతో దాన్ని నొక్కుతూ, రెండో వైపు నుంచి గ్రీజు బయటికి వచ్చేదాకా ఎక్కించాలి. సీలు కొత్తదే వేయాలి.

హబ్ ఎక్కించి, వాషర్ వేసి, నట్టును చేతితో తిప్పాక అసలు పని మొదలవుతుంది. బ్రేకు ప్యాడ్లు డిస్కును పట్టుకుని ఉంటే చేతికి ఏమీ తెలియదు కాబట్టి ఆ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను ముందే పక్కకు తీసి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా తీగతో కట్టాలి. మీ బండి మాన్యువల్లో అంకెలు ఉంటే వాటినే పాటించాలి. లేకుంటే హబ్‌ను ఒక చేత్తో తిప్పుతూనే నట్టును సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల వరకు బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోట సరిగా కూర్చోవు. తరువాత నట్టును అర చుట్టు వెనక్కి వదిలి, ఈసారి పానా పక్కన పెట్టి, వేళ్లతోనే ఆగేంతవరకు తిప్పాలి. నట్టు తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు గాడితో కలవకపోతే నట్టును బిగించవద్దు, దగ్గరి గాడి వరకు వదలండి. ఒక్క చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు జరిగే మర ఉన్న నట్టు 30 డిగ్రీలు తిరిగితే కోను జరిగేది 0.125 మిల్లీమీటరు. డయల్ గేజితో కొలిస్తే ఉండవలసిన ప్లే (కదలడానికి మిగిలే సందు) సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్లే కనుక, ఒక్క గాడి తేడా కూడా చిన్నది కాదు.

కొంచెం లూజుగా ఉండటం చూసి చాలామందికి మనసు ఒప్పదు, ఇంకో పట్టు బిగిస్తారు. అది మంచిది కాదు. బ్రేకుల వేడికి భాగాలు వ్యాకోచించినప్పుడు సందు లేని బేరింగు మీద ఒత్తిడి పెరిగి, గ్రీజు కారిపోయి, చివరకు రోలర్లు పట్టేస్తాయి. అలాగని మరీ వదిలేస్తే చక్రం ఊగి డిస్కు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది; అప్పుడు మొదటిసారి తొక్కిన బ్రేకు పెడలు లోతుగా దిగుతుంది.

కొత్త స్ప్లిట్ పిన్ను వేసి దాని కాళ్లు మడిచి, కాలిపర్‌నూ చక్రాన్నీ తిరిగి బిగించాక, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ప్లే ఎక్కువగా అనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి: అప్పుడు ఆగిపోతే అది బేరింగులోది, ఆగకపోతే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన బాల్ జాయింటునో కింగ్ పిన్నునో చూడాలి. బండి కదిపే ముందు పెడలును గట్టిపడేదాకా తొక్కడం మరవరాదు. పది కిలోమీటర్లు, వీలైనంత తక్కువ బ్రేకుతో నడిపి వచ్చి రెండు హబ్‌ల దగ్గరా చెయ్యి పెట్టి పోల్చండి. కొత్త బేరింగు వేసిన వైపు చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే నట్టును మళ్లీ మొదటి నుంచి సర్దాలి.