కాయిలోవర్లు కొనే ముందు జాగ్రత్తలు

అమలాపురం, భీమవరం వైపు తిరిగే స్పోర్ట్స్ కారుకు కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉండి, కారు ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్ భాగాలు) వేయించాలనుకుంటే, డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

– రోజూ తిరిగే దారి ఏది? 216వ జాతీయ రహదారి ఒక్కటే అయితే సరే. కాలువ గట్లు, ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఉంటే నలుగురిని ఎక్కించి, కారు అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ కొలిచాకే ఎంత దించాలో నిర్ణయించండి.

– ఎత్తు ఎలా మారుతుందో అడగండి. చవక రకాల్లో స్ప్రింగు కింది రింగు తిప్పుతారు. దాంతో ప్రీలోడ్ (కారు బరువు పడకముందే స్ప్రింగుపై ఉండే ఒత్తిడి) కూడా మారిపోవచ్చు. కింది బ్రాకెట్ విడిగా తిరిగే రకంలో ప్రీలోడ్, డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) కదలిక చెక్కుచెదరవు. ధర ఎక్కువైనా నా ఓటు దీనికే.

– డ్యాంపర్ స్ప్రింగు గట్టిదనానికి తగినదై ఉండాలి. దాని బిగువు మార్చడానికి 32 క్లిక్కులున్నాయని మురిసిపోకండి. వాటిలో సగానికి తేడాయే తెలియకపోవచ్చు.

– ఉప్పుగాలి, చేల బురద కలిస్తే మరలు పట్టేస్తాయి. తుప్పు పట్టని పూత, దుమ్ము తొడుగులు, విడిభాగాలు ఉన్నాయా? వానాకాలానికి ముందూ తర్వాతా మరలు శుభ్రం చేయాల్సిందే. అంత ఓపిక లేనివారు కంపెనీ సస్పెన్షన్‌నే ఉంచుకోవడం మేలు.

– బిగించాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం సరిచేయించండి. బీమా సంస్థకు మార్పు సంగతి ముందే తెలపండి.