నాలుకకు చోటు నేర్పాలి: నోటి కండరాల కసరత్తు చేసే తీరు

రాత్రిళ్లు నోరు తెరిచి పడుకునే పిల్లలకి, గుటక వేసినప్పుడల్లా నాలుకతో పళ్లని ముందుకి నెట్టేవాళ్లకి, ఒక మోస్తరు గురక ఉన్న పెద్దలకి ఈ కసరత్తులు పనికొస్తాయి.

అయితే ముందు ముక్కు సంగతి తేల్చుకోవాలి. గుక్కెడు నీళ్లు నోట్లో పట్టి, పెదాలు మూసి, రెండు నిమిషాలు ముక్కుతో ఊపిరి పీల్చమనండి. ఉండలేక మధ్యలోనే నోరు తెరిస్తే ముక్కు దారిలో అడ్డం ఉందేమో అనుమానించాలి. పిల్లల్లో అడినాయిడ్లు (ముక్కు వెనక పెరిగే కండ), పెద్దల్లో వంకర దూలం (ముక్కు మధ్య గోడ వంకర), ఎవరికైనా ఎలర్జీ. గుంటూరులో మిరపకాయల ఘాటు, బెజవాడ రోడ్ల దుమ్ము పడనివాళ్లు ఎంతమందో. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లోనో, మీకు దగ్గర్లోనో ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాకే మిగతాది. ముక్కు బిగుసుకుపోయిన పిల్లాణ్ణి నోరు మూసుకోమనడం కసరత్తు కాదు, శిక్ష. మూతికి టేపు అంటించే వేషాలు అసలే వద్దు.

ఇక నాలుక. పై ముందు పళ్ల వెనకే చిగురు మీద గరుకుగా చిన్న గట్టు తగులుతుంది. ‘ల’ అన్నప్పుడు నాలుక కొన ఆనేది అక్కడే. ‘త’ అంటే పళ్లకే తగులుతుంది, ఆ చోటు కాదు. కొన గట్టు మీద, మిగతా నాలుక అంగిలికి పరుచుకుని, పెదాలు కలిసి, పళ్లు కాస్త ఎడంగా ఉండాలి. తిననప్పుడు, మాట్లాడనప్పుడు నాలుక ఉండాల్సింది ఇలాగే.

దానికి బలం రావాలంటే నాలుకంతా అంగిలికి పీల్చి అంటించి, అలాగే నోరు తెరవండి. నాలుకని కింద పట్టి ఉంచే తీగ సాగుతున్నట్టు తెలియాలి. 10 సెకన్లు పట్టి టక్కుమని వదలండి, ఐదుసార్లు. ఎంత ప్రయత్నించినా నాలుక పైకి లేవకపోయినా, బయటికి చాపితే కొన మధ్యలో నొక్కుపడినా ఆ తీగ పొట్టిగా ఉండొచ్చు. డెంటల్ డాక్టరు చూడాలి.

పెదాలకి కోటు బొత్తాం చాలు, రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా. గట్టి దారం కట్టి, సబ్బుతో కడిగి, పెదాలకీ పళ్లకీ మధ్య పెట్టి, దారం తిన్నగా ముందుకి లాగుతూ పెదాలతో ఆపాలి. పళ్లతో పట్టుకోకూడదు. గడ్డం మీద గుంటలు పడుతున్నాయంటే గడ్డం కండరం సాయం వస్తోందన్నమాట, లాగుడు తగ్గించండి. పిల్లల్ని బొత్తాంతో ఒంటరిగా వదలొద్దు.

అసలు కష్టం గుటకలో ఉంది. అద్దం ముందు కూర్చుని చెంచాడు నీళ్లు తీసుకోండి. కొన గట్టు మీద, వెనక పళ్లు కరిచి, పెదాలు నవ్వినట్టు కొద్దిగా తెరిచి, నీళ్లని వెనక్కి పీల్చి మింగండి. దవడ మీద వేళ్లు పెడితే కండ గట్టిపడటం తెలియాలి. పళ్ల సందుల్లో నాలుక కనిపించినా, నీళ్లు బయటికి చిమ్మినా, తల ఎగరేసినా పాత అలవాటే నడుస్తోంది. నీళ్లు కుదిరాక గట్టి పెరుగు పెట్టండి. ముందు పళ్ల సందుల్లోంచి తెల్లగా బయటికొస్తే నాలుక నెడుతున్నట్టే. ఆ తర్వాతే ఇడ్లీ, అన్నం. పళ్లు సరిచేసే క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ ముందుకి రావడానికి ఈ నెట్టుడు కూడా ఒక కారణం కావచ్చు. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి క్లిప్పుల కోసం వెళ్తే ఈ విషయం కూడా అడగండి.

పూటకి పది నిమిషాలు, రెండు పూటలా, కనీసం మూడు నెలలు. ఒక మాదిరి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) ఉన్నవాళ్లతో బ్రెజిల్‌లో చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలో రోజుకి అరగంట చొప్పున మూడు నెలలు చేయిస్తే, గంటకి సుమారు 22 సార్లు ఊపిరికి అడ్డు పడేది 14కి తగ్గింది. తగ్గింది, పోలేదు. అందుకని నిద్రలో ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషను వాడేవాళ్లు సొంతంగా ఆపేయకూడదు.

పక్షవాతం వచ్చి, నీళ్లు తాగితే దగ్గొచ్చేవాళ్లకీ, మింగాక గొంతు తడిగా గరగరలాడేవాళ్లకీ ఇవేవీ ఇంట్లో చేయించకండి. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా రావచ్చు. ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పేదాకా చెంచాడు నీళ్లు కూడా వద్దు.