బిల్లింగ్ కంప్యూటర్ గిట్టుబాటైందో లేదో తేల్చుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాది కిరాణా కొట్టు. కంప్యూటర్ కొన్న ఏడాది బిల్లులు టకటకా వచ్చాయి, లాభం మాత్రం కదల్లేదు. మా గుమస్తా అదే లెక్క ఖాతా పుస్తకంలోనూ రాసేవాడు మరి! ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లో ఇలాంటిదే అన్నాడు: కంప్యూటర్లు అంతటా ఉన్నాయి, ఉత్పాదకత (అంటే ఒక్కో మనిషి పనికి వచ్చే ఫలితం) లెక్కల్లో తప్ప. అమెరికాలో ఆ లెక్కలు ఊపందుకుంది 1995 తర్వాతే.

కంప్యూటర్ కొంటే చాలదు, పని తీరూ మారాలి. అందుకని ముందు ఖాతా పుస్తకం మూసేయండి. ఒక సరుకుకి ఒకే పేరు పెట్టండి. మా దగ్గర ‘కందిపప్పు’ ఒకచోట, ఒడియాలో ‘హరడ డాలి’ ఇంకోచోట ఎక్కి స్టాకు అంతా గందరగోళమైంది. తర్వాత మూడు నెలలుగా అమ్మని సరుకు రిపోర్టు తీయండి. మాకు అటక మీద 18 సబ్బు పెట్టెలు తేలాయి! అలా ఇరుక్కున్న డబ్బు నెలనెలా ఎంత తగ్గిందో రాసుకోండి. గుమస్తాకి నేర్పిన రోజుల జీతం కూడా కంప్యూటర్ ఖర్చులోనే వేయాలి.