హోమ్‌స్టే దరఖాస్తు: గది సంగతి తర్వాత, ముందు ఇల్లు ఎవరి పేరున ఉంది?

హన్మకొండలో మా మేనత్త ఇంటి పైఅంతస్తులో రెండు గదులున్నాయి. రామప్ప గుడి చూడడానికి వచ్చేవాళ్లకు రోజువారీ అద్దెకు ఇద్దామని గత ఏడాది వాటికి రంగులు వేయించింది, గీజర్లు పెట్టించింది, కొత్త పరుపులు కొన్నది. తీరా దరఖాస్తు దగ్గర పని ఆగిపోయింది. గదుల్లో లోపమేమీ లేదు. ప్లాస్టిక్ కవరులో మడత నలగకుండా తెచ్చుకున్న ఇంటి పన్ను రసీదు తీసి ఇస్తే, కౌంటరులోని ఉద్యోగి పేరు మీద వేలు పెట్టి, "ఈయన ఎవరమ్మా?" అని అడిగారు. ఆయన మా మామయ్య. చనిపోయి ఆరేళ్లయింది.

బయటికి వచ్చేసరికి వేపచెట్టు కింద ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. పద్దెనిమిది వేలిస్తే నెలలో పని అయిపోతుందన్నాడు. ఎలాగంటే, మామయ్యే అత్తయ్యకు ఇల్లు లీజుకు ఇచ్చినట్టు పాత తేదీతో ఒక ఒప్పందం రాయిస్తాడట. అంటే చనిపోయిన మనిషి చేత సంతకం పెట్టిస్తాడన్నమాట. అత్తయ్య సగం ఒప్పుకుంది కూడా. స్టాంపు కాగితం మీద వెండరు రాసే అమ్మకం తేదీ చూపించి, "ఈ కాగితం పుట్టకముందే మామయ్య పోయాడు, సంతకం ఎప్పుడు పెట్టినట్టు?" అని అడిగితే గానీ ఆమెకు విషయం ఎక్కలేదు. అది సర్దుబాటు కాదు, ఫోర్జరీ. పట్టుబడితే చెట్టు కింద మనిషి ఉండడు, దరఖాస్తుదారే ఉంటారు.

ఆ తర్వాత ఇలాంటివాళ్లను మరికొందరిని చూశాను. అందరూ తడబడేది దాదాపు ఒకే చోట. అందుకే ఇది రాస్తున్నాను.

దేనికి దరఖాస్తు

కేంద్ర పర్యాటక శాఖకు ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే అనే పథకం ఉంది. అందులో ఇళ్లను గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులుగా గుర్తిస్తారు. కనీసం ఒక గది, గరిష్ఠంగా ఆరు గదులు, పన్నెండు పడకలు. అంతకు మించితే మీది హోమ్‌స్టే కాదు, లాడ్జి. దాని దారి వేరు. ఈ గుర్తింపు స్వచ్ఛందం. అయినా బ్యాంకుకు వెళ్లినా, పోలీసు స్టేషనుకు వెళ్లినా, పక్కింటివాళ్లు గొడవకు వచ్చినా చేతిలో ఒక ప్రభుత్వ కాగితం ఉండడం వేరు, లేకపోవడం వేరు.

దరఖాస్తు పెట్టడం కష్టమేమీ కాదు. పర్యాటక శాఖవారి నిధి పోర్టల్‌లో ఫోను నంబరు, ఈమెయిల్, పాన్ వివరాలతో నమోదు చేసుకోవాలి. ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. దానితో వర్గీకరణకు దరఖాస్తు నింపి, గదుల కొలతలు, లోపలా బయటా తీసిన ఫొటోలు, ఇంటి హక్కు పత్రం, నిబంధనలకు అంగీకార పత్రం జతచేయాలి. తర్వాత కమిటీ తనిఖీకి వస్తుంది. గదికి ఆనుకుని స్నానాల గది, వేడినీళ్లు, మంటలార్పే సిలిండరు, శుభ్రత, ఇవన్నీ చూస్తారు. ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఇంట్లో ఉంటే ఒక సాయంత్రంలో నింపేస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఫొటోలు ఉన్నవి ఉన్నట్టు పెట్టండి, పక్కింటి మెట్లు, ఎదురింటి తోట చూపించవద్దు. తనిఖీకి వచ్చేవాళ్లు అదే ఫొటో పట్టుకుని వస్తారు.

అసలు షరతు

యజమాని కుటుంబంతో సహా అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలి. మిగతా నిబంధనలన్నీ దీని చుట్టూ తిరిగేవే. మధ్యవర్తులు మాత్రం దీని ఊసెత్తరు. నక్కలగుట్టలో ఒక ఫ్లాటు కొని, తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి, తాము హైదరాబాద్‌లో ఉంటూ ఫోనులో బుకింగులు చూసుకునేవాళ్లకు ఈ పథకం కుదరదు. ఎంత డబ్బు పోసినా కుదరదు.

ఇదొక్క మన దగ్గరి పట్టుదల కాదు. పర్యాటకులకు రోజువారీగా ఇళ్లు అద్దెకివ్వడం మీద పెద్ద నగరాల్లో జరుగుతున్న వాదనంతా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతోంది: ఇది ఇంట్లో మిగిలిన గదా, లేక వ్యాపారంగా మారిన ఇల్లా? న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి నెల కన్నా తక్కువ రోజులకు ఇవ్వాలంటే యజమాని నమోదు చేసుకోవాలి, అతిథి ఉన్నన్నాళ్లూ తానూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి అతిథులను దించకూడదు. పారిస్‌లో సొంత నివాసాన్ని ఏడాదికి 120 రోజుల వరకు ఇవ్వనిచ్చేవారు, 2025 నుంచి దాన్ని 90కి తగ్గించారు. జపాన్‌లో 2018లో అమల్లోకి వచ్చిన చట్టంలో పరిమితి ఏడాదికి 180 రోజులు. బార్సిలోనా అయితే 2028 నవంబరు నాటికి తన 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులను ఇక కొనసాగించబోనని 2024లోనే ప్రకటించింది. వాళ్ల బాధ అద్దెలు. ఊళ్లో పనిచేసుకునేవాళ్లకు నెల అద్దెకు ఇల్లు దొరకడం లేదు.

వరంగల్ బార్సిలోనా కాదు, నిజమే. కానీ కాకతీయ యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీ ఉన్న ఊరిది. ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సులు, కోచింగులకు వచ్చిన పిల్లలు నెల అద్దెల మీద బతికే ఊరు. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది, రెండేళ్లకోసారి మేడారం జాతర ఉండనే ఉంది. జాతర నాలుగు రోజులకు వచ్చే అద్దె చూసి, ఏడాదంతా అలాగే వస్తుందని లెక్కేసుకుని, ఉన్నవాళ్లను ఖాళీ చేయించిన ఇంటాయనను నేనెరుగుదును. మార్చికల్లా ఆయన గేటుకు మళ్లీ 'టు లెట్' బోర్డు వేలాడింది. అందుకే యజమాని ఇంట్లో ఉండాలన్న షరతు నాకు సబబుగానే కనిపిస్తుంది. చిక్కల్లా, ఆ షరతు ముందుగా తగిలేది ఫ్లాట్లు కొనిపెట్టుకున్నవాళ్లకు కాదు. నలభై ఏళ్లుగా అదే ఇంట్లో ఉంటూ, కాగితాల్లో మాత్రం లేని మా అత్తయ్యలాంటివాళ్లకు.

పేరు తేలాల్సిన చోట

దరఖాస్తు పెట్టే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: ఇంటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. వాటి పక్కన మీ ఆధార్ పెట్టండి. నాలుగింట్లోనూ పేరూ, ఇంటి నంబరూ ఒకటే అయితే మీ పని మూడొంతులు అయిపోయినట్టే, మిగతా పేరాలు చదవకపోయినా నష్టం లేదు.

ఇల్లు చనిపోయినవారి పేరున ఉంటే మొదట మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. తర్వాత మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టాలి. తహసీల్దారు కార్యాలయం విచారించి ఇస్తుంది. అందులో ఎవరి పేరూ వదలకండి. "ఆడపిల్లల పేర్లు ఎందుకు, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు కదా" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. వీలునామా రాయకుండా చనిపోయిన హిందూ పురుషుడి స్వార్జిత ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా. పేరు వదిలేస్తే కాగితం ఇవాళ వస్తుంది, కేసు రేపు వస్తుంది.

మా ఇంట్లో గొడవ ఇక్కడే మొదలైంది. అందరూ హక్కు విడుదల దస్తావేజు రాసిస్తే ఇల్లు అత్తయ్య ఒక్కరి పేరుకు మారుతుంది, దరఖాస్తు సులువవుతుంది. కరీంనగర్‌లో ఉండే చిన్న కూతురు ఫోనులో ఒకటే ప్రశ్న వేసింది: "అమ్మా, రెండు గదులు అద్దెకు ఇచ్చుకోవడానికి నేను ఇంటి మీద హక్కు వదులుకోవాలా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. అమ్మాయిది స్వార్థమని పెద్దన్న అనేశాడు. ఆమె రెండు వారాలు ఫోను ఎత్తలేదు.

నిజానికి హక్కు వదులుకోవాల్సిన పనే లేదు. వారసులందరి పేర్లూ పన్ను రికార్డులో ఎక్కించుకుని, ఇంట్లో నివసిస్తూ గదులు నడిపేది ఫలానావారని మిగతావారు సమ్మతి పత్రం రాసిస్తే సరిపోయే పని ఇది. మేం చివరికి ఆ దారే పట్టాం. ఆస్తి పంచుకోవాలనుకుంటే పంపకం దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో విడిగా, తీరిగ్గా చేసుకోవచ్చు. హోమ్‌స్టే తొందరలో చేయకండి. కూతుళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే, ఏ కాగితం మీద సంతకం అడుగుతున్నారో దాని శీర్షిక చదివి మరీ పెట్టండి. 'సమ్మతి' వేరు, 'విడుదల' వేరు.

ఇంకో భ్రమ కూడా వదలాలి. పన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన ఇల్లు మీదైపోదు. అది పన్ను ఎవరు కట్టాలో చెప్పే కాగితం, హక్కు పత్రం కాదు. పద్దెనిమిది వేలకు "ఇల్లు మీ పేరు మీదికి మారుస్తా" అనేవాడు మార్చేది, మార్చగలిగితే, ఆ రసీదే.

పేరు సరిపోయినా జిల్లా సరిపోనివారున్నారు. 2016లో పాత వరంగల్ జిల్లాను విడగొట్టారు. 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ములుగు 2019లో వేరే జిల్లా అయింది. ఒకే ఇంటికి దస్తావేజులో వరంగల్, ఆధార్‌లో వరంగల్ అర్బన్, కొత్త బిల్లులో హన్మకొండ అని ఉంటే అది మీ తప్పు కాదు, కంగారు పడకండి. ఆధార్‌లో చిరునామా సరిచేయించుకుని, పాత ఇంటి నంబరూ కొత్త ఇంటి నంబరూ ఒకటేనని నగరపాలక సంస్థ నుంచి కాగితం తీసుకుంటే చాలు. నగరంలో కలిసిన గ్రామాల్లో, గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉన్న పాత ఇళ్లకు దస్తావేజే ఉండదు. అక్కడివాళ్లు పంచాయతీ నాటి పన్ను రసీదులు చిరిగినవైనా పారేయకండి. మీకు ఉన్న ఆధారం అదే.

అపార్టుమెంటువాళ్లకు ఒక మాట. మీరు నివసించే ఫ్లాటులోనే ఒక గది ఇస్తున్నా, సంఘం నుంచి రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోండి. లిఫ్టులో రోజుకో కొత్త ముఖం కనిపిస్తే పై అంతస్తు తాతగారు ఊరుకోరు, ఊరుకోవాలని అనడం కూడా న్యాయం కాదు.

గుర్తింపు వచ్చాక

అతిథుల రిజిస్టరు పెట్టాలి, గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వారి వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. అందరూ ఫారం సి అని పిలిచేది దీన్నే. రామప్పకు విదేశీయులూ వస్తున్నారు కనుక దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అర్ధరాత్రి దిగినా గడియారం అప్పటి నుంచే తిరుగుతుంది.

జీఎస్టీ పేరు చెప్పి భయపెట్టేవాళ్లున్నారు. సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటితేనే నమోదు. అంతకు లోపు ఉండి బుకింగ్ వేదికల ద్వారా గది ఇస్తే, ఆ పన్ను కట్టే బాధ్యత వేదికదే. రెండు గదులవాళ్లు దీని కోసం ఎవరికీ ఫీజు ఇవ్వనక్కర్లేదు.

కరెంటు విషయంలో మాత్రం జాగ్రత్త. ఇంటి కేటగిరీ మీటరుతో వ్యాపారం నడుపుతున్నారని తేలితే, 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధరతో లెక్కకట్టి బిల్లు వేస్తారు. గదులు మొదలుపెట్టే ముందే మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో పరిస్థితి వివరిస్తూ ఒక ఉత్తరం ఇచ్చి, ముద్ర వేసిన నకలు దాచుకోండి.

డబ్బు గురించి. 2025 కేంద్ర బడ్జెట్‌లో హోమ్‌స్టేలకు ముద్ర రుణాలు, అంటే చిన్న వ్యాపారాలకిచ్చే రుణాలు, ఇస్తామన్నారు. ముద్ర రుణానికి తాకట్టు అడగకూడదు, మధ్యవర్తి అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం. అదే పేరుతో, అదే రంగుతో ఉండే ప్రైవేటు సైట్లు రెండు మూడు వేలు గుంజుతాయి. డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోను చేయండి. ఉద్యోగి ఎవరైనా లంచం అడిగితే 1064, అవినీతి నిరోధక శాఖ. ఏ కార్యాలయంలో ఏ కాగితం ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి. "రసీదు ఎందుకమ్మా, నేనున్నాను కదా" అన్నారంటే తప్పకుండా తీసుకోండి.

అత్తయ్య ఫైలు ఇంకా నడుస్తోంది. చిన్న కూతురు కరీంనగర్ నుంచి వచ్చి సమ్మతి పత్రం రెండుసార్లు చదివి సంతకం పెట్టి, ఆ రాత్రి పైగదిలో కొత్త పరుపు మీద పడుకుంది. పొద్దున దిగి వచ్చి, గీజరు నీళ్లు చాలవు, ఇంకా పెద్దది పెట్టించమంది. అది మార్చేలోగా నర్సింగ్ చదివే అమ్మాయిలిద్దరు ఇల్లు వెతుక్కుంటూ వస్తే, ఫైలు తేలేదాకా ఉండమని నెల అద్దెకు ఇచ్చింది అత్తయ్య. తేలాక ఒక గదే రోజువారీకి పెడతానని, రెండోది వాళ్లకే ఉంచేస్తానని ఇప్పుడంటోంది. దరఖాస్తులో గదుల సంఖ్య దగ్గర '2' కొట్టేసి '1' వేయాలి.