దసరా సేల్‌లో ఇయర్‌బడ్స్ కొంటున్నారా? డబ్బా మాత్రం పారేయకండి

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన మనవరాలికి 1,199 రూపాయల ఇయర్‌బడ్స్ తెప్పించారు. కొన్నాళ్లకే ఎడమ బడ్ మూగబోయింది. యాప్‌లో చూస్తే రీప్లేస్‌మెంట్ గడువు దాటింది. డబ్బా ఎప్పుడో చెత్తబండి ఎక్కేసింది. ఆయన గూగుల్‌లో కంపెనీ పేరు కొట్టి, పక్కన ‘కస్టమర్ కేర్ నంబర్’ అని టైప్ చేసి, అన్నిటికన్నా పైన కనిపించిన నంబర్‌కి ఫోన్ చేశారు. అవతలివాడు తెలుగులోనే, ‘సార్ సార్’ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడాడట. సాయంత్రానికి పెన్షన్ ఖాతాలో మిగిలింది మూడంకెల మొత్తం.

బతుకమ్మ పూలు మార్కెట్‌కి రాకముందే సేల్ నోటిఫికేషన్లు వచ్చేస్తాయి కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. రివ్యూలు చదవండి, నాలుగుచోట్ల రేట్లు చూడండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేద్దాం.

ప్రమాదం కొనేటప్పుడు కాదు, పాడయ్యాక

చవక ఇయర్‌ఫోన్స్‌తో మనం మహా అయితే వెయ్యి, రెండు వేలు నష్టపోతాం. ఇల్లు గుల్లయ్యేది ఆ వెయ్యి వెనక్కి తెచ్చుకోబోయినప్పుడు. లక్ష రూపాయల టీవీ చెడిపోతే బిల్లు పట్టుకుని షోరూమ్‌కి వెళ్తాం. ఇయర్‌బడ్స్ చెడిపోతే ఆటోకి డబ్బులు దండగని సోఫాలో కూర్చుని నంబర్ వెతుకుతాం. పైగా చిన్న మొత్తమే కదా అని మనసు ఏమారి ఉంటుంది. మోసగాళ్లకు కావలసిందీ అదే.

గూగుల్‌లో పైన కనిపించినంత మాత్రాన అది కంపెనీ నంబర్ అయిపోదు. డబ్బు కడితే ప్రకటన పైకి వస్తుంది. మ్యాప్స్‌లో ఒక దుకాణం నంబర్ మార్చమని ఎవరైనా సూచన పంపొచ్చు, అది కొన్నిసార్లు అలాగే ఎక్కేస్తుంది కూడా. అందుకే ఎన్నిసార్లైనా చెబుతా: కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు.

మరి ఎక్కడ దొరుకుతుంది? మీరు పారేసిన డబ్బా మీద. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీతో పాటు ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది గానీ ఉంటుంది. డబ్బా తెరిచిన రోజే ఆ లేబుల్ ఫోటో తీసి, బిల్లుతో కలిపి ఇంట్లో వాళ్లందరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ నాన్నగారు వెతికేది రేపు గూగుల్‌లో కాదు, ఆ గ్రూపులో కావాలి.

ఆన్‌లైన్‌లో కొనేముందు

కొట్టేసి ఉన్న 4,990 చూసి 1,099 కి వస్తోందని సంబరపడకండి. చాలా బ్రాండ్లకు అది ఏడాది పొడుగునా ఉండే రేటే. అమెజాన్‌లో కొనేవాళ్లు కీపా లాంటి ధరల చరిత్ర చూపే సాధనంలో గత మూడు నెలల గ్రాఫ్ చూస్తే, సేల్ రేటు నిజంగా తగ్గిందో లేదో తేలిపోతుంది.

‘జీఎస్టీ తగ్గింది, అందుకే ఈ ధర’ అని ఎవరైనా అంటే నమ్మకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలు, పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇయర్‌ఫోన్స్ అంతకుముందూ 18లోనే ఉన్నాయి, తర్వాతా 18లోనే ఉన్నాయి.

రొద తగ్గిస్తామంటూ డబ్బా మీద రాసే ఈఎన్‌సీ, ఏఎన్‌సీ రెండూ ఒకటి కాదు. మొదటిది మీ మైక్‌కి సంబంధించింది: ఫోన్‌లో అవతలివాళ్లకు మీ చుట్టూ ఉన్న రొద తగ్గి వినిపిస్తుంది. మీ చెవికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో ప్రశాంతంగా పాటలు వినాలంటే కావలసింది ఏఎన్‌సీ, మీ చెవికి వినిపించే రొద తగ్గించేది అదే. తక్కువ రేటు డబ్బాల మీద ‘నాయిస్’ అన్న మాట పెద్దదిగా, మిగతాది చిన్నదిగా ఉంటుంది. ఆ చిన్నది చదవండి. అలాగే ‘50 గంటలు’ అని రాస్తే అది కేసులో ఉన్న చార్జింగ్‌తో కలిపిన లెక్క. ఒక్కసారి చార్జ్ చేస్తే బడ్స్ ఎన్ని గంటలు వస్తాయో వేరే వెతుక్కోవాలి.

వెయ్యి లోపే బడ్జెట్ అయితే నా మాట విని వైరు ఉన్నవి తీసుకోండి. బ్యాటరీ, బ్లూటూత్ చిప్, కేసు అన్నిటికీ పోయే డబ్బు అక్కడ స్పీకర్‌లోకే వెళ్తుంది. ఫోన్‌లో 3.5 మిల్లీమీటర్ల జాక్ లేకపోతే టైప్ సీ పిన్‌ది కొనండి. ఎవరూ వినరు, తెలుసు.

ఇక రిటర్న్ లైన్. ఇయర్‌ఫోన్స్‌కి చాలాచోట్ల ‘7 రోజుల రీప్లేస్‌మెంట్ మాత్రమే’ అని ఉంటుంది. అంటే నచ్చలేదంటే డబ్బు రాదు, పాడైతేనే మారుస్తారు, అదీ గడువులోపే. కాబట్టి పండక్కి ఇద్దామని అటక మీద దాచకుండా, వచ్చిన రోజే రెండు బడ్సూ పెట్టుకుని అరగంట వినండి, ఒక ఫోన్ కాల్ మాట్లాడండి. గడువు దాటాకే మనిషికి గూగుల్ గుర్తొస్తుంది.

కోఠి, అబిడ్స్ వెళ్తే

గుజరాతీ గల్లీలోనూ, జగదీశ్ మార్కెట్‌లోనూ మంచి సరుకూ ఉంది, ‘ఫస్ట్ కాపీ’ (అచ్చం అసలుదానిలా ఉండే నకిలీ) కూడా ఉంది. ‘సేమ్ టు సేమ్ అన్నా, ఒరిజినల్ పక్కన పెడితే కంపెనీవాడు కూడా గుర్తుపట్టలేడు’ అంటాడు దుకాణంవాడు. నిజమే, గుర్తుపట్టలేనంత బాగా చేస్తున్నారు. ఐఫోన్ దగ్గర ఎయిర్‌పాడ్స్ (ఆపిల్ బడ్స్) కేసు మూత తీయగానే ఫోన్ తెర మీద బొమ్మ వస్తే అసలుదే అనుకోవద్దు, నకిలీలకూ వస్తుంది. మన దేశంలో అమ్మే వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబర్ చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. అక్కడ వచ్చే బ్రాండ్ పేరు, డబ్బా మీది బ్రాండ్ పేరు కలవకపోతే దుకాణం దిగేయండి. బిల్లు ఇవ్వనంటే బేరం వద్దు. బిల్లు లేకుంటే వారంటీ లేదు. వారంటీ లేకుంటే మళ్లీ నంబర్ వెతకడమే.

సెకండ్ హ్యాండ్ వైర్‌లెస్ బడ్స్ ఎంత చవకైనా వద్దు. గింజంత బ్యాటరీ అది, మార్చే వీలుండదు, రెండేళ్లు గట్టిగా వాడితే నీరసపడుతుంది. బ్లూటూత్ స్పీకర్ అయితే పర్వాలేదు, ఎదురుగా ఒక పాట పూర్తిగా వినిపించుకుని తీసుకోండి.

ఇక నంబర్ సంగతి, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి

- కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు.
- డబ్బా లేదా? కొన్న యాప్‌లోనే ఆ ఆర్డర్ తెరిచి, అక్కడి ‘హెల్ప్’ నుంచి మాట్లాడండి.
- అదీ కుదరకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఈ నంబర్ ఇప్పుడే సేవ్ చేయండి.
- ఎక్స్‌ (పాత ట్విట్టర్)లో, ఫేస్‌బుక్‌లో కంపెనీని తిడుతూ మీ ఫోన్ నంబర్ పెట్టొద్దు. కంపెనీకన్నా ముందు మోసగాళ్లే ఫోన్ చేస్తారు.
- డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ దగ్గర నుంచి పోతోంది. ‘వెరిఫికేషన్ కోసం 5 రూపాయలు’ అన్నా అంతే.
- ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, ఏ పేరుతోనైనా తెర చూపించే యాప్ వేయమంటే కాల్ కట్ చేయండి. తెర వాడికి కనిపిస్తే ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు, వాడే చదువుకుంటాడు.
- వాట్సాప్‌లో ‘రీఫండ్ ఫారం’ అని ఏపీకే ఫైల్ (ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైల్) వస్తే ముట్టుకోవద్దు.
- డెలివరీ బాయ్ పేరుతో ఫోన్ చేసి ఏదో కోడ్ డయల్ చేయమంటే చేయొద్దు. మీ కాల్స్ వాడికి మళ్లుతాయి.
- ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే డబ్బా తెరిచి, వస్తువు చూశాకే ఓటీపీ. ‘టైమ్ లేదు మేడమ్’ అంటే తీసుకెళ్లమనండి.
- మర్యాదగా మాట్లాడాడు, తెలుగు వచ్చు, మీ ఆర్డర్ వివరాలు చెప్పాడు. అయితే ఏంటి?
- మళ్లీ చెబుతున్నా. నంబర్ గూగుల్‌లో వెతకొద్దు. వెతికి పెట్టమని పక్కవాళ్లనీ అడగొద్దు, వాళ్లు చూసేదీ అక్కడే.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, వెంటనే బ్యాంకుకి చెప్పి ఖాతా స్తంభింపజేయండి. సిగ్గుపడి రాత్రంతా ఆగొద్దు. ఓటీపీ, పిన్ మనమే ఇచ్చిన కేసుల్లో బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మన నెత్తినే, చెప్పాక పోయినది మాత్రమే బ్యాంకు బాధ్యత అని 2017లో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ చెప్పింది. ఒక్క అరగంట అటూఇటూ అయితే వేలల్లో తేడా. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొడుకో కూతురో కంగారులో వెంటనే ఫోన్ రీసెట్ చేసేస్తారు, చేయనివ్వకండి. ముందు ఆ నంబర్, కాల్ లాగ్, వాట్సాప్ చాట్, వాడు పంపిన ఫైల్ పేరు, డబ్బు కట్ అయిన మెసేజ్‌లు, అన్నీ ఇంకో ఫోన్‌తో ఫోటోలు తీయండి. పోలీసులు అడిగేది వాటినే. రీసెట్ ఆ తర్వాత.