సొరకాయ జ్యూస్ తాగేవాళ్ళు ఎండలు ముదరకముందే ఒకసారి చదవండి

మొన్న ఆదివారం పొద్దున్నే బెంగళూరు మారతహళ్ళిలో మా పై ఫ్లోర్ అంకుల్‌ని ఆసుపత్రికి మోసుకెళ్ళాం. ఆగకుండా వాంతులు, విరేచనాలు, చివరికి వాంతిలో రక్తం, బీపీ పడిపోయింది. ఆయనకి పదేళ్ళ నుంచి గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు), కడుపు చల్లబడుతుందని రోజూ పరగడుపున సొరకాయ జ్యూస్ తాగుతారు, ఆ రోజు చేదుగా ఉందంట, "చేదుంటే మందులాగా పనిచేస్తదిలే" అనుకుని గ్లాసు మొత్తం దించేశారు. మూడు రోజులు ఐసీయూలో ఉండి వచ్చారు.

కారం తగ్గించండి, టైముకి తినండి లాంటివి మీకు తెలుసు, అవి చెప్పను. చేదు సంగతి ఒక్కటే చెప్తా.

సొరకాయ, కీర, దోస, బీర అన్నీ ఒకే కుటుంబం. వీటిలో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం పెరగొచ్చు, నీళ్ళు చాలక ఎండకి వాడిన తీగల్లో ఇంకా ఎక్కువ. అది కడుపు లోపలి పొరని దెబ్బతీసి రక్తం కారేలా చేస్తుంది, అసలే పుండున్న కడుపైతే చెప్పక్కర్లేదు. దీనికి విరుగుడు మందు లేదు, ఉడకబెట్టినా పోదు. 2010లో ఢిల్లీలో ఒక సైంటిస్ట్ ఈ జ్యూస్ తాగి చనిపోయాక ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఒక కమిటీ వేసింది, వాళ్ళు చెప్పింది కూడా ఇదే: ముక్క రుచి చూడండి, చేదుంటే కాయ మొత్తం పారేయండి.

కూరలో అయితే మొదటి ముద్దకే ఉమ్మేస్తాం. జ్యూస్‌లో అల్లం, నిమ్మ, ఉసిరి వేసి చేదుని కప్పేస్తాం, పైగా గటగటా తాగేస్తాం, అందుకే ప్రాణం మీదకొచ్చేది ఎక్కువగా జ్యూస్‌తోనే. మా అమ్మ పప్పులోకి దోసకాయ కోస్తే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకునేది, మిక్సీలు వచ్చాక ఆ అలవాటు పోయింది. (కాకరకాయ చేదు వేరే, దాంతో కలపకండి.)

అలాగని కూరగాయలు మానేయొద్దు. గ్యాస్ అని పెరుగన్నం, బన్నుల మీద బతికేవాళ్ళని ఐటీ ఆఫీసుల్లో చాలామందిని చూశా, ఇంకా పాడవుతారు. మెత్తగా ఉడికిన బీర, పొట్ల, గుమ్మడి చాలామందికి పడతాయి. పచ్చి క్యాబేజీ సలాడ్ పడకపోతే వదిలేయండి, అంతే.

ఇంక వరసగా:

ప్రతి కాయా రుచి చూడాలి, నిన్నటిది బాగుందని ఇవాళ్టిది బాగుంటుందని కాదు.
చేదు తగిలితే ఉమ్మేయండి. "కొంచెమే కదా" వద్దు.
సొరకాయ జ్యూస్‌లో వేరే ఏ జ్యూసూ కలపొద్దు.
టెర్రస్ మీద దానంతటదే మొలిచిన తీగ కాయ ముట్టుకోకండి.
పార్క్ బయట బండి దగ్గర "కహి ఇద్యా" (కన్నడలో "చేదుందా") అని అడిగి ఊరుకోకండి, ముక్క కోయించుకుని తినండి.
తాగాక వాంతి వచ్చినా, కడుపులో తిప్పినా మజ్జిగ, సోడా అంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి. ఏం తాగారో డాక్టర్‌కి చెప్పండి, ఫుడ్ పాయిజన్ అనుకునే ఛాన్సుంది.
అల్సర్లు చాలావాటికి కారణం హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా (అది కనిపెట్టిన ఇద్దరికి 2005లో నోబెల్ ఇచ్చారు), దాన్ని ఏ జ్యూసూ చంపదు, టెస్ట్ చేయించి యాంటీబయాటిక్ కోర్సు పూర్తిచేయాలి.
ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్ లాంటి, కడుపుని దెబ్బతీసే నొప్పి మాత్ర వేసుకుని పైన జ్యూస్ తాగితే కడుపు బాగుపడదు.
మోషన్ తారులా నల్లగా వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా జ్యూస్ గ్లాస్ పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పోండి.
చేదు తాగొద్దు. మందులాగా ఉన్నా తాగొద్దు.