పిటా పొంగాలంటే

పిటా అంటే లోపల జేబులా ఖాళీ ఉండే అరబ్బు రొట్టె. మొదటి రెండుసార్లు నా పిటాలు పొంగలేదు. గట్టిగా, బిస్కెట్లలా వచ్చాయి. తప్పంతా ఈస్ట్‌దే అనుకున్నాను. కాదు, ఓవెన్ సరిగా వేడెక్కకముందే పెట్టేశాను.

400 గ్రాముల మైదాకి 250 మి.లీ. గోరువెచ్చని నీళ్లు చాలు. ఆ నీళ్లలో ఒక టీ స్పూన్ పంచదార, రెండు టీ స్పూన్ల ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ రాకపోతే పారబోయండి, మొహమాటం వద్దు. వస్తే మైదా, టీ స్పూన్ ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె వేసి పది నిమిషాలు బాగా పిసకండి. పిండి వేలికి కొంచెం అంటుతూనే ఉండాలి. నేను భయపడి పొడిపిండి చల్లుతూ ఉండేదాన్ని, అదీ తప్పే. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే రెట్టింపవుతుంది.

ఎనిమిది ఉండలు చేసి, పావుగంట ఆగి, అర సెంటీమీటరు మందాన ఒత్తండి. ఎక్కడా మడత గానీ చిరుగు గానీ ఉండకూడదు, ఆవిరి అక్కడినుంచే జారిపోతుంది.

ఇక అసలు సంగతి వేడి. ట్రేని లోపలే ఉంచి ఓవెన్‌ని 250 డిగ్రీల సెల్సియస్‌లో అరగంట కాగనివ్వండి. కాలే ట్రే మీద వేయగానే పైపొర గట్టిపడుతుంది, లోపలి నీరు ఆవిరై రెండు పొరల్నీ విడదీస్తుంది. పిటాలోని జేబు అదే. మూడు నాలుగు నిమిషాలు చాలు. తలుపు తెరవకుండా అద్దంలోంచే చూడండి. (నేనైతే స్టూలేసుకుని కూర్చుంటాను.) తీయగానే బట్టలో చుట్టండి, లేదంటే పెళుసైపోతాయి.

పొంగనివాటిని ముక్కలు చేసి మళ్లీ కాల్చి, హమ్ముస్‌లో (కాబూలీ శనగలు రుబ్బి చేసే చట్నీలో) ముంచుకు తినేయండి.